ఎగరకముందే ఎగిరే రాకెట్టు



ఈ ప్రసంగానికి మూలం మా ఆలూరు ఆడవాళ్ళు వేసిన ఒక ప్రశ్న. 2019 సెప్టెంబరు 11న మన కర్నూలు జిల్లాలోని పరీక్షాక్షేత్రంలో రక్షణ పరిశోధన సంస్థవారు ఒక చిన్న క్షిపణిని ప్రయోగించి చూశారు. యుద్ధట్యాంకును పగలగొట్టేది, సైనికులు వెంట మోసుకొని పోగలిగేది. ప్రయోగం సఫలమైందని పత్రికల్లో వచ్చింది. మా ఊళ్ళో ఆ మాట అనుకునేటప్పుడు ఒకావిడ అడిగింది: "ఒకసారి వదిలితే తిరిగి రాని వస్తువు కదమ్మా అది. చెప్పినచోటికే పోతుందని ముందే ఎట్లా తెలుసుకుంటారు? దోసె అయితే మొదటిది పెనానికి అంటుకున్నా రెండోది సరిగ్గా పోసుకుంటాం. దాన్నట్లా పోసి చూడలేరు కదా?"

పెద్ద పెద్ద ఇంజనీర్లు కోట్లు ఖర్చుపెట్టి వేసుకున్న ప్రశ్న కూడా ఇదే. జవాబు కోసం వెతకడం మొదలై ఎనభై ఏళ్ళు దాటింది. ఆడవాళ్ళ కార్యక్రమంలో రాకెట్ల గొడవ ఏమిటని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి. ఈ కథలో ఒక ముఖ్యమైన మలుపు ఆడుకుంటున్న ఒక చిన్న ఆడపిల్ల వేలితో వచ్చింది. ఆ సంగతి ముందు ముందు చెబుతాను.

క్షిపణి గానీ, ఉపగ్రహాన్ని మోసుకుపోయే రాకెట్టు గానీ, దాని కడుపులో ఒక చిన్న కంప్యూటరు ఉంటుంది. దారి చూపడం దాని పని. దానికి కళ్ళూ చెవులూ అనదగిన పరికరాలుంటాయి. గైరో అనేది ఒకటి. బొంగరం తిరుగుతున్నంతసేపూ ఒకే దిక్కున నిలబడటం పిల్లలంతా చూసినదే కదా, ఆ గుణాన్ని ఆధారం చేసుకొని పుట్టిన పరికరం. "ముక్కు కాస్త ఎడమకు వాలింది" అని గైరో కంప్యూటరుకు చెబుతుంది. కంప్యూటరు లెక్కకట్టి, రెక్కనో, మంట వచ్చే గొట్టాన్నో ఇంత కుడికి తిప్పమని ఆజ్ఞ ఇస్తుంది. రెక్క తిరిగితే రాకెట్టు తిరుగుతుంది. రాకెట్టు తిరిగితే గైరో మళ్ళీ కొత్తమాట చెబుతుంది. గానుగెద్దు చుట్టూ తిరిగినట్టు ఈ వ్యవహారం ఒక సెకనులో ఎన్నోసార్లు తిరుగుతూనే ఉంటుంది. ఈ చుట్టునే ఇంగ్లీషులో లూప్ అంటారు.

ఇప్పుడు పరీక్ష సంగతి. కంప్యూటరు, గైరోలు, రెక్కను కదిలించే యంత్రం, ఇవన్నీ నిజమైనవే తెచ్చి ప్రయోగశాలలో పెడతారు. ఆకాశం మాత్రం ఉండదు. ఆకాశానికి బదులు ఇంకొక పెద్ద కంప్యూటరు ఉంటుంది. రాకెట్టు బరువు ఎంత, ఇంధనం మండుతున్నకొద్దీ ఎంత తగ్గుతుంది, గాలి ఎటు కొడుతుంది, భూమి ఎంత గుంజుతుంది, ఇవన్నీ లెక్కకట్టి "ఇప్పుడు రాకెట్టు ఇట్లా వాలి ఉండాలి" అని అది తేలుస్తుంది. ఒకదానిలో ఒకటి ఇమిడిన మూడు వలయాల బల్ల ఒకటి ఉంటుంది. గైరోలను ఆ బల్లకు బిగించి, లెక్క ఎట్లా చెబితే అట్లా వాల్చి తిప్పుతారు. పాపం, గైరో తాను ఆకాశంలో ఉన్నాననుకుంటుంది. దాని మాట నమ్మి దారి చూపే కంప్యూటరు ఆజ్ఞలిస్తుంది. రెక్క నిజంగానే కదులుతుంది. అది ఎంత కదిలిందో కొలిచి పెద్ద కంప్యూటరుకు చెబుతారు. అది మళ్ళీ లెక్కకట్టి బల్లను తిప్పుతుంది. ఒక్కమాటలో చెప్పాలంటే, పద్ధతి ప్రకారం ఆ చిన్న కంప్యూటరును మోసం చేయడం.

దీని ఇంగ్లీషు పేరు హార్డ్‌వేర్ ఇన్ ద లూప్ సిమ్యులేషన్. నిజవస్తువును చుట్టులో పెట్టి ఆడించే నాటకం అనుకోండి. మా సీమలో కోడెను బండికి కట్టేముందు కాడికి ఒక మొద్దు కట్టి లాగిస్తారు. ఎద్దు నిజం, కాడి నిజం, మెడమీద పడే బరువు నిజం. బండి మాత్రం ఇంకా రాలేదు. అటువంటిదే ఇదీ.

ఇందులో కష్టమంతా కాలంతోనే. రాకెట్టు సెకనులో వెయ్యోవంతులో కొంచెం వాలితే, బల్ల కూడా ఆ వ్యవధిలోనే వాలాలి. లెక్క ఎంత సరిగ్గా కట్టినా ఆలస్యంగా వస్తే అది తప్పు లెక్కే. జొన్నరొట్టె తిప్పవలసిన క్షణంలో తిప్పాలి గానీ, మాడిన తరువాత ఎట్లా తిప్పాలో తెలిసి ఏం లాభం చెప్పండి. అందుకే దీన్ని రియల్ టైమ్ అంటారు. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. బల్ల వాలుతుంది, తిరుగుతుంది గానీ, రాకెట్టులాగా ముందుకు దూసుకుపోలేదు కదా. కనుక వేగం పెరగడాన్ని కొలిచే పరికరానికి ఆ అనుభవం ఇవ్వలేరు. అది చెప్పవలసిన మాటను తీగ ద్వారా కంప్యూటరు చెవిలో వేస్తారు. రెక్కమీద గాలి ఒత్తిడి బదులు ఇంకొక యంత్రం రెక్కను ఎదురు తోస్తుంది. వేడిని చూసి గురిపట్టే కన్ను ఉన్న క్షిపణి అయితే, ఆ కన్ను ముందు వెచ్చని బొమ్మ ట్యాంకును కదిలిస్తారు.

ఈ విద్యకు తాతలాంటిది ఒక హార్మోనియంవంటి యంత్రం అంటే నమ్ముతారా? అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే ఆయన తండ్రికి పియానోలు, ఆర్గాన్లు చేసే కర్మాగారం ఉండేది. ఆర్గాన్‌కు గాలి ఊదే తిత్తులుంటాయి, మన హార్మోనియానికి ఉన్నట్టే. ఆ తిత్తులమీద ఒక చిన్న విమానం డొప్పను నిలబెట్టి, లోపల కూర్చున్నవాడు పిడి తిప్పితే డొప్ప వాలేటట్టు ఆయన 1929లో తయారుచేశాడు. మొదట్లో దాన్ని తిరునాళ్ళలో రంగులరాట్నం మాదిరిగా పిల్లలు ఎక్కే వినోదంగానే కొన్నారు. 1934లో అమెరికా సైన్యం టపా మోసే పనికి దిగింది. మబ్బుల్లో, రాత్రివేళ పరికరాలు చూసి నడపడం చేతగాక పలువురు విమానచోదకులు చచ్చిపోయారు. అప్పుడు ఆ బొమ్మ విలువ తెలిసింది. అందులో పరీక్షకు కూర్చునేది మనిషి. తరువాతి ఏళ్ళలో అదే కుర్చీలో కంప్యూటరును కూర్చోబెట్టారు.

మధ్యలో ఒక చీకటి అధ్యాయం ఉంది. హిట్లరు కాలంలో జర్మనీవారు పీనెముండే అనే సముద్రతీరంలో వీ-2 అనే రాకెట్టును తయారుచేశారు. అది మొదటిసారి సరిగ్గా ఎగిరింది 1942 అక్టోబరు 3న. అక్కడ హెల్ముట్ హోయెల్జర్ అనే యువ ఇంజనీరు రాకెట్టు కదలికలను విద్యుత్తుతో అనుకరించే ఒక లెక్కల యంత్రాన్ని కట్టాడు. నేలమీద కూర్చునే రాకెట్టు ఊగిసలాటను చూసి, దాన్ని నిలబెట్టే పరికరాన్ని సరిచేసుకోవడానికి అది పనికి వచ్చింది. విద్యగా చూస్తే గొప్పదే. కాని ఆ రాకెట్లను నేలకింది సొరంగాల్లో ఖైదీల చేత కొట్టించి చేయించారు. రాకెట్టు మీదపడి చచ్చినవారికంటే దాన్ని తయారుచేస్తూ చచ్చినవారే ఎక్కువని చరిత్రకారులు చెబుతారు. యంత్రాన్ని గురించి మెచ్చుకోలుగా మాట్లాడేటప్పుడు ఈ మాట మింగేయడం నాకు ఇష్టం లేదు.

ఇక ఆ ఆడపిల్ల కథ. చంద్రుడిమీదికి మనుషులను పంపే అపోలో నౌకకు దారి చూపే కంప్యూటరును అమెరికాలోని ఎం.ఐ.టి. అనే విద్యాసంస్థలో రూపొందించారు. దాని బరువు 32 కిలోలు. దాని జ్ఞాపకం తీగలతో నేసిన వస్త్రం. అలంకారానికి అనడం లేదు, నిజంగానే నేశారు. సన్నటి అయస్కాంతపు గవ్వలవంటి ఉంగరాలుంటాయి. రాగితీగ ఉంగరంలోనుంచి పోతే ఒకటి, పక్కనుంచి పోతే సున్న. వాల్తం అనే ఊళ్ళో రేథియాన్ కంపెనీ కర్మాగారంలో స్త్రీలు కూర్చుని తీగను సూదిలో పెట్టి ఒక్కొక్క ఉంగరమే దాటించారు. వారిలో బట్టల మిల్లుల్లో పనిచేసి వచ్చినవారు ఉన్నారు. మన ఎమ్మిగనూరు మగ్గాలమీద ఒక్క పోగు తప్పితే ఏమవుతుందో అక్కడివారికి తెలుసు. ఇక్కడ పోగు తప్పితే చంద్రుడు తప్పుతాడు.

ఆ కంప్యూటరులో నడిచే ప్రోగ్రాములు రాసిన బృందానికి పెద్ద మార్గరెట్ హామిల్టన్. ఇంట్లో పిల్లను చూసేవారు లేక, రాత్రిళ్ళూ సెలవురోజుల్లోనూ కూతురు లారెన్‌ను వెంటబెట్టుకొని ప్రయోగశాలకు పోయేదామె. ఈ ఇబ్బంది మనలో ఎందరికి కొత్త? ఒకనాడు తల్లి పని చేసుకుంటుండగా ఆ పిల్ల నౌక నమూనాలో కూర్చుని మీటలు నొక్కుతూ ఆడుకుంది. నాటకంలో నౌక అప్పటికి దారిలో ఉంది. పిల్ల నొక్కిన మీటలతో, నేలమీద బయలుదేరకముందు నడపవలసిన మొదటి నంబరు ప్రోగ్రాము మొదలైంది. "మనం ఇంకా నేలమీదనే ఉన్నాం" అని కంప్యూటరు అనుకొని, దారి గుర్తులన్నీ పోగొట్టుకొని కుప్పకూలింది.

తల్లి పిల్లను కసిరి ఊరుకోలేదు. నిజమైన ప్రయాణంలో వ్యోమగామి కూడా ఇట్లా నొక్కితే? అడ్డుకునే మాట ఒకటి ప్రోగ్రాములో చేరుద్దామన్నది. పైవారు ఒప్పుకోలేదు. వ్యోమగాములు అంత శిక్షణ పొందినవారు, అట్లాంటి తప్పు చేయరులే అన్నారు. చివరకు "ప్రయాణంలో ఈ ప్రోగ్రాము ఎంచుకోవద్దు" అని ఒక సూచన కాగితాల్లో రాసుకోవడంతో సరిపెట్టుకోవలసి వచ్చింది. 1968 డిసెంబరులో అపోలో-8 చంద్రుణ్ణి చుట్టి తిరిగి వస్తుండగా జిమ్ లోవెల్ అనే వ్యోమగామి పొరపాటున అదే ప్రోగ్రామును ఎంచుకున్నాడు. ఆ పిల్ల చేసినట్టే. లోవెల్ మళ్ళీ నక్షత్రాలను చూసి దిక్కు సరిచేసుకోవలసి వచ్చింది. నేలమీదివారూ సాయపడ్డారు. క్షేమంగానే వచ్చారు. ఆ తరువాతనే ఆమె అడిగిన అడ్డును చేర్చనిచ్చారు.

నాకు ఈ కథలో నచ్చేది పిల్ల చిలిపితనం కాదు. పరీక్షలో బయటపడిన తప్పును "అది తప్పు కాదు, పిల్లలాట" అని పక్కకు తోసేసిన ఆ తీరు చూడండి. మనుషులు తప్పు చేయరని కాగితంమీద రాసుకుంటే చేయకుండా ఉంటారా? "అట్లా జరగదులే" అనే ఈ మాటను మాత్రం మరచిపోకండి. కథ పొడుగునా వస్తుంది.

మన దేశానికి వద్దాం. శ్రీహరికోట నుంచి 1979 ఆగస్టు 10న మన మొదటి ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు లేచింది. రెండో అంచెను అదుపులో పెట్టే ఏర్పాటులో ఆమ్లం కారిపోవడంతో అది బంగాళాఖాతంలో పడింది. మళ్ళీ 1980 జూలై 18న లేచి రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. అందులో దారి చూపే పద్ధతి సులువైనది. ఏ సెకనులో ఎంత వాలాలో ముందుగానే రాసిపెట్టి ఉండేది. దారి తప్పితే తనంతట తాను కొత్తదారి వెతుక్కునే తెలివి దానికి లేదు. పైగా కవాటం కారిపోవడం వంటిది ఏ బల్లమీద ఎన్ని నాటకాలాడినా బయటపడదు. దానికి వేరే పరీక్షలున్నాయి. ఒక్క పరీక్షతోనే అన్నీ తెలిసిపోతాయని నేనెక్కడా అనడం లేదు, గమనించండి.

తరువాత వచ్చిన రాకెట్లకు ఆ తెలివి నేర్పారు. తెలివితోపాటు చిక్కులూ వచ్చాయి. 1993 సెప్టెంబరు 20న పి.ఎస్.ఎల్.వి. మొదటిసారి లేచింది. మన భూములను, పంటలను, నీళ్ళను పైనుంచి చూసి చెప్పే ఐ.ఆర్.ఎస్. జాతి ఉపగ్రహం ఒకటి దాని తలమీద ఉంది. మావంటి వానలు లేని సీమకు అటువంటి ఉపగ్రహం ఎంత అవసరమో నేను వేరే చెప్పాలా? మొదటి అంచె బాగా మండింది, రెండోదీ బాగా మండింది. రెండో అంచె విడిపోయేటప్పుడు అనుకున్నదానికంటే పెద్ద కుదుపు వచ్చింది. ఆ కుదుపును సర్దడానికి కంప్యూటరు పెద్ద ఆజ్ఞ ఇవ్వవలసి వచ్చింది. ఆ అంకె దానికి కేటాయించిన గదిలో పట్టలేదు. మన ఇంటి కరెంటు మీటరులో 9999 తరువాత 0000 వస్తుంది చూడండి, అటువంటి చిక్కు. ఓవర్‌ఫ్లో అంటారు. ముక్కు పైకీ కిందికీ వాలడాన్ని సరిదిద్దే లెక్కలోనే ఈ పొరపాటు దాగి ఉంది. రాకెట్టు అదుపు తప్పి ఉపగ్రహంతో సహా సముద్రంలో పడింది.

ఎక్కడుంది తప్పు? అంకె చిన్నగా ఉన్నంతవరకూ ఆ ప్రోగ్రాము బంగారంలాంటిదే. అనుకున్న హద్దుల లోపలే కుదుపులు ఇచ్చి ఎన్నిసార్లు పరీక్షించినా అది నవ్వుతూ పాసవుతుంది. హద్దు దాటించి కుదిపినప్పుడే దాని గుణం తెలుస్తుంది. "అంత కుదుపు రాదులే" అనుకుంటే మాత్రం అది సముద్రంమీదనే తెలుస్తుంది. ఏడాది తిరిగిన తరువాత, 1994 అక్టోబరు 15న, పి.ఎస్.ఎల్.వి. మళ్ళీ లేచి పని సాధించింది. 2008లో చంద్రయాన్‌ను, 2013లో అంగారకుడి వైపు మంగళయాన్‌ను మోసుకుపోయింది ఈ జాతి రాకెట్టే. తిరువనంతపురంలో ఇస్రోవారు ఈ పరీక్షలను మెట్టు మెట్టుగా చేస్తారు. మొదట కంప్యూటరు పెట్టెను మాత్రమే చుట్టులో పెడతారు. తరువాత గైరోలను బల్లమీదికి ఎక్కిస్తారు. ఆ తరువాత గొట్టాన్ని కదిలించే యంత్రాన్ని కూడా కలుపుతారు. కొత్తకోడలికి మొదట కూరలు తరగడం, తరువాత పొయ్యి, ఆ తరువాత ఇంటి తాళాలు అప్పగించినట్టు.

ఇంత జాగ్రత్తలో కూడా ఒక వస్తువును బయట వదిలేస్తే ఏమవుతుందో యూరపువారు 1996 జూన్ 4న చూపించారు. దక్షిణ అమెరికాలోని కూరూ నుంచి వారి కొత్త రాకెట్టు ఏరియేన్-5 లేచింది. నలభై సెకన్లు తిరగకముందే ముక్కలైంది. నాలుగు ఉపగ్రహాలు బూడిదయ్యాయి. విచారణ సంఘం నివేదిక ప్రచురించింది. పరాయివారిదైనా ఇది చదవదగిన నివేదిక. దాపరికం లేదు.

జరిగింది ఇది. రాకెట్టు ఎటు వాలిందో, ఎంత వేగంగా పోతున్నదో చెప్పే పెట్టె పాత ఏరియేన్-4 నుంచి తెచ్చుకున్నది. పాత రాకెట్టులో అది ఎన్నోసార్లు బాగా పనిచేసింది. కొత్త రాకెట్టు మాత్రం పాతదానికంటే వేగంగా పక్కకు సాగుతుంది. దాంతో లోపల ఒక అంకె పెరిగి దాని గదిలో పట్టక పెట్టె ఆగిపోయింది. ఒకటి పాడైతే ఉంటుందని రెండోది పెట్టారు కదా, అందులోనూ అదే ప్రోగ్రాము. అదీ అదే తప్పుతో ఆగిపోయింది. ఆగిపోతూ "నాకు ఇట్లా జబ్బు చేసింది" అని పంపిన సంకేతాన్ని దారి చూపే కంప్యూటరు దారి లెక్క అనుకొని గొట్టాలను ఒక్కసారిగా పక్కకు తిప్పింది. రాకెట్టు అడ్డం తిరిగి గాలి దెబ్బకు విరిగిపోయింది. ఇంకా విచిత్రమేమిటంటే, ఆ అంకెను లెక్కకట్టే పని అసలు ఎగిరిన తరువాత అవసరమే లేదు. పాత రాకెట్టుకు అవసరమని పెట్టింది కొత్తదానిలో అట్లాగే నడుస్తూ ఉండిపోయింది. ఒక జిల్లాలో చెల్లిన కాగితం ఇంకో జిల్లాలో చెల్లదని, 1953లో బళ్ళారి జిల్లా నుంచి కర్నూలు జిల్లాకు మారిన మా ఆలూరు తాలూకా పెద్దలకు ఒకరు చెప్పాలా!

మరి నేలమీద చుట్టు పరీక్ష చేయలేదా? చేశారు. దారి చూపే కంప్యూటరును పెట్టారు, గొట్టాలను కదిలించే భాగాలను పెట్టారు. ఈ పెట్టెను మాత్రం పెట్టలేదు. దాని బదులు దాని మాటలను అనుకరించే ప్రోగ్రామును కూర్చోబెట్టారు. కారణాలు లేకపోలేదు. నిజమైన పెట్టెను బల్లమీద తిప్పి ఆడిస్తే అంత కచ్చితంగా రాదన్నారు, విడిగా పరీక్షించి పాసు చేసినదే కదా అన్నారు. మన ఊళ్ళలో కురుక్షేత్రం నాటకం వేసేటప్పుడు హార్మోనియం మేస్టరు లేకుండా రిహార్సలు చేస్తే ఎట్లా ఉంటుందో తలచుకోండి. కృష్ణుడికి పద్యం వచ్చు, అర్జునుడికి పద్యం వచ్చు. మేస్టరు సంగతి, ఆయన నలభై నాటకాలు చూసినవాడు, ఆయనకు రిహార్సలు దేనికి అంటారు. తెర లేచిన తరువాత ఆయన పాత శ్రుతి పట్టుకుంటే పద్యం ఎక్కడికి పోవాలి? ఆ పెట్టెను నిజంగా చుట్టులో పెట్టి, కొత్త రాకెట్టు దారిని దానికి చూపించి ఉంటే తప్పు నేలమీదనే బయటపడేదని విచారణ సంఘమే రాసింది.

హైదరాబాదులో కంచన్‌బాగ్ దగ్గర డి.ఆర్.డి.ఎల్. అనే క్షిపణి పరిశోధనశాల ఉంది. 1983లో పృథ్వి, అగ్ని మొదలైన క్షిపణుల కార్యక్రమం మొదలైనప్పుడు దానికి డైరెక్టరు అబ్దుల్ కలాం. ఊరి చివర ఇమారత్ కంచ అనే రాళ్ళగుట్టల నేలలో రిసెర్చ్ సెంటర్ ఇమారత్ అనే ఇంకొక సంస్థను 1988 నాటికి నిలబెట్టారు. నేను చెప్పిన ఈ చుట్టు పరీక్షలకోసం అక్కడ ఒక ప్రత్యేక విభాగమే ఉంది.

ఆ రోజుల ఓపిక ఎటువంటిదో అగ్ని మొదటి ప్రయోగం చూస్తే తెలుస్తుంది. 1989 ఏప్రిల్ 20న ఒడిశా తీరాన సిద్ధం చేశారు. చివరి నిమిషాల్లో కంప్యూటరు ఆగమంది. ఆగారు. మే 1న మళ్ళీ సిద్ధం చేశారు. లేవడానికి 10 సెకన్లు ఉందనగా దాన్ని అదుపుచేసే భాగమొకటి సరిగ్గా లేదని కంప్యూటరే కనిపెట్టింది. మళ్ళీ ఆగారు. పత్రికల్లో వ్యంగ్యచిత్రాలు వచ్చాయి, దేశమంతా నవ్వింది. మే 22న లేచింది, చెప్పిన దారిన పోయింది. పదిమంది నవ్వుతుండగా "ఇంకా కాలేదు" అనడం ఎంత కష్టమో, పెళ్ళివారు వాకిట్లో నిలబడి ఉండగా అన్నం ఇంకా ఉడకలేదని చెప్పిన ఇల్లాలికి తెలుస్తుంది. ఆకలిగొన్నవారికి పలుకన్నం పెట్టకపోవడమే నయం.

అంతకు ఏడాది ముందు, 1988లో, కేరళలోని అలప్పుళలో పుట్టిన టెస్సీ థామస్ హైదరాబాదు ప్రయోగశాలలో చేరింది. అగ్ని క్షిపణులకు దారి చూపే పద్ధతిని రూపొందించడమే ఆమె పని. 2011 నవంబరు 15న అగ్ని-4 ఎగిరినప్పుడు ఆ ప్రాజెక్టుకు డైరెక్టరు ఆమే. మన దేశంలో క్షిపణి ప్రాజెక్టు ఒకదానికి స్త్రీ నాయకత్వం వహించడం అదే మొదలు. పత్రికలవారు ఆమెను అగ్నిపుత్రి అన్నారు. నాకైతే ఆ బిరుదుకంటే, ఆమె చేసిన పని పేరే ఎక్కువ గౌరవంగా వినిపిస్తుంది.

క్షిపణి ఆయుధమే, ఉపగ్రహం మోసే రాకెట్టువంటిది కాదు. ఈ సంగతి దాచిపెట్టి మాట్లాడటం నాకు చేతకాదు. తాగేనీటికోసం బిందెలు పట్టుకొని నిలబడే ఊళ్ళున్న జిల్లాలో ఈ ఖర్చు ఎందుకని అడిగే తల్లికి ఆ ప్రశ్న అడిగే హక్కు ఉంది. ఆమెను నోరుమూయించే జవాబు నా దగ్గర లేదు. ఒక్కటి మాత్రం చెప్పగలను. ఎట్లాగూ చేస్తున్నప్పుడు అది గురి తప్పి ఎవరి పొలంలోనో, ఎవరి ఇంటిమీదనో పడకుండా చూసేది ఈ పరీక్షే. నేలమీద దొరికిన తప్పుకు ఖర్చు కొద్దిరోజుల జీతం, కొంత కరెంటు. అంతకుమించి ఎవరికీ ఏమీ కాదు.

మన జిల్లాలోని ఓర్వకల్లు దగ్గర రక్షణ పరిశోధన సంస్థవారికి బయలు పరీక్షాక్షేత్రం ఉంది. 2025 జూలైలో డ్రోను అనే మనిషిలేని విమానం నుంచి వదిలే చిన్న క్షిపణిని కూడా అక్కడ పరీక్షించారు. ఇటువంటి ప్రయోగం ముగియగానే పని ముగిసిందనుకోకండి. ఎగురుతున్నంతసేపూ క్షిపణి తన సంగతులను రేడియో ద్వారా నేలకు పంపుతూనే ఉంటుంది. ఏ క్షణంలో ఎంత వాలింది, రెక్క ఎంత తిరిగింది, అన్నీ. ఆ వివరాలను మళ్ళీ ప్రయోగశాలకు తీసుకుపోయి, నాటకంలో రాకెట్టు పోయిన దారినీ నిజంగా పోయిన దారినీ ఒకదానిమీద ఒకటి పరిచి చూస్తారు. రెండూ కలిస్తే సరే. కలవకపోతే, క్షిపణి గురిని కొట్టినా సరే, తాము గాలి లెక్క తప్పు వేశామా, రెక్క బలం తప్పు వేశామా అని వెతుకుతారు. సరిదిద్దిన లెక్కతో మూడు వలయాల బల్లను మళ్ళీ మొదటినుంచి తిప్పుతారు.